మూలన పడ్డ మెషిన్ మోటారు మన వాషింగ్ మెషిన్‌కి పనికొస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎనిమిదేళ్ల నాటి సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్. డ్రయ్యర్ వైపు బాగానే తిరుగుతోంది. ఉతికే వైపు నాబ్ తిప్పితే ఊఁ అని మూలుగుతుంది తప్ప చక్రం కదలదు. మెకానిక్ వచ్చి చూసి, మోటారు పోయింది, దీనికి ఖర్చు పెట్టడం దండగ, కొత్తది కొనుక్కోండి అన్నాడు. మీ పెద్దమ్మగారింట్లో వేరే కంపెనీ మెషిన్ ఒకటి టబ్బు పగిలి మెట్ల కింద పడుంది. దాని మోటారు, కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా), టైమర్ తీసి మీదాంట్లో వేసుకోవచ్చా అని.

వేసుకోవచ్చు. మోటారు నిశ్చింతగా, టైమర్ ఆచితూచి. కెపాసిటర్ మాత్రం వద్దు. కానీ మీరు చెప్పిన లక్షణాలు చూస్తుంటే మీ మోటారు అసలు పోలేదేమో అని నా అనుమానం. మూలుగుతోందంటే కనీసం ఒక కాయిల్‌కైనా కరెంటు అందుతోంది. కాలిన వాసన గురించి మీరు రాయలేదు, ఎంసీబీ (బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్) పడిపోతోందనీ రాయలేదు. అందుకని పెద్దమ్మగారింటికి స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరే ముందు మీ మెషిన్‌ని ఒక గంట చూడండి.

ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకాలి. మన ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్లు చాలా ఉంటాయి. అలాంటి చోట స్విచ్ ఆపినా మెషిన్ లోపలి వైర్లలో కరెంటు ఉంటుంది.

మెషిన్‌ని గోడకు దూరంగా జరిపి వెనక రేకు విప్పండి. ఉతికే మోటారు కింద ఉంటుంది, దాని పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) నుంచి, టబ్బులోని చక్రాన్ని తిప్పే గేర్‌బాక్స్ పుల్లీకి బెల్టు. ఆ బెల్టు తీసేసి రెండు పుల్లీలను విడివిడిగా చేత్తో తిప్పండి. మోటారు పుల్లీ సులువుగా తిరిగి, గేర్‌బాక్స్ పుల్లీ బిగుసుకుపోయి ఉంటే తప్పు మోటారుది కాదు. టబ్బులోంచి చక్రం మధ్య స్క్రూ విప్పి పైకి లాగండి. కింద పిల్లల సాక్సు, హెయిర్‌పిన్ను, రూపాయి బిళ్ల లాంటివి దొరకడం మామూలే. బోరు నీళ్లు వాడే ఇళ్లలో షాఫ్టు (ఇరుసు) చుట్టూ ఉప్పు తెల్లగా గట్టిపడి పట్టేసుకుంటుంది. అది గీకేసి, గేర్‌బాక్స్ అప్పటికీ తిరగకపోతే పాత మెషిన్‌లోంచి తీయాల్సింది గేర్‌బాక్స్, మోటారు కాదు.

ఇంకో సంగతి. మీది ఊరి చివర ఇల్లయి, సాయంత్రం వోల్టేజీ పడిపోతుంటే అదీ చూడాలి. ఈ మోటార్ల లాగుడు బలం వోల్టేజీ వర్గం (స్క్వేర్) లెక్కన తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర ఉండే బలంలో 180 దగ్గర మిగిలేది సుమారు అరవై శాతమే. బొంతలు వేసి నీళ్లు నింపితే ఆ బలం చాలదు, అలాగే మూలుగుతుంది. తెల్లవారుజామున ఖాళీ టబ్బుతో తిరిగి, సాయంత్రం తిరగకపోతే మెషిన్ విప్పాల్సిన పనే లేదు.

ఇవేవీ కాకపోతే కెపాసిటర్. నేను మొదట అనుమానించేది దీన్నే. డ్రయ్యర్ తిరుగుతోంది కదా, కెపాసిటర్ బాగానే ఉందనుకోకండి. చాలా మెషిన్లలో ఒకే డబ్బాలో రెండు కెపాసిటర్లు ఉంటాయి. మామూలుగా ఉతికే మోటారుకి 10 మైక్రోఫారాడ్లు (కెపాసిటర్ కొలత అది), డ్రయ్యర్‌కి 5. ఒకటి పోయి రెండోది పనిచేయడం రోజూ చూసేదే. ముట్టుకునే ముందు దాన్ని ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్పుమనిపించే అలవాటు మనవాళ్లకు ఉంది, అది వద్దు. 10 కిలో ఓముల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టి, రెండు కొసలకూ కొన్ని సెకన్లు ఆనించండి. తర్వాత మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ దగ్గర పెట్టి చూడండి. డబ్బా మీద 10 అని ఉండి మీటర్‌లో 9.5 వస్తే మంచిదే. 7 వస్తే మోటారు మూలుగుతూ కూర్చుంటుంది. డబ్బా ఉబ్బినా, అడుగున జిగురు కారినా కొలవాల్సిన పని కూడా లేదు.

కొత్తది రెండొందల లోపే దొరుకుతుంది. షాపులో కండెన్సర్ అని అడిగినా ఇస్తారు. మైక్రోఫారాడ్లు సరిపోవాలి, వోల్టేజీ 440 ఉండాలి. ఇంట్లో వచ్చేది 230 కదా, 250ది చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. మోటారు తిరుగుతున్నప్పుడు కెపాసిటర్ రెండు కొసల మధ్య వోల్టేజీ, ఇంటి సప్లై కంటే బాగా ఎక్కువకు పోతుంది.

పాత మెషిన్ కెపాసిటర్ ఎందుకు వద్దంటున్నానంటే, అది ఆయుష్షు లెక్క రాసిపెట్టి అమ్మే సరుకు. డబ్బా మీద వోల్టేజీ పక్కన చిన్నగా ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి ఉంటుంది. ఎ తరగతి 30,000 గంటలకు, బి 10,000కు, సి 3,000కు, డి 1,000కి తయారైనవి. మెట్ల కింద పడున్నది ఎన్ని గంటలు తిరిగిందో మీ పెద్దమ్మగారికీ తెలియదు. ఇవాళ మీటర్‌లో బాగానే చూపించి, రెండు నెలల్లో పడిపోయి, దాంతోపాటు మోటారును వేడెక్కించి చంపుతుంది. రెండొందలు మిగుల్చుకోవడానికి మోటారును పణంగా పెట్టకండి.

కొత్త కెపాసిటర్ వేసినా మూలుగే అయితే, అప్పుడు మోటారు కాయిల్స్ కొలవాలి. ఇక్కడ ఈ మోటారు ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే రీడింగులు అర్థం కావు. ఉతికే మోటారు కాసేపు ఇటు, కాసేపు అటు తిరగాలి. అందుకని అందులో రెండు కాయిల్స్ సరిసమానంగా చుడతారు. బయటికి మూడు వైర్లు వస్తాయి. ఒకటి కామన్, అంటే రెండు కాయిల్స్‌కీ ఉమ్మడిది, మిగతా రెండూ చెరో కాయిల్ కొస. కెపాసిటర్ ఆ రెండు కొసల మధ్య ఉంటుంది. టైమర్ కరెంటును ఒకసారి ఈ కొసకి, ఒకసారి ఆ కొసకి ఇస్తుంది, దిక్కు మారుతుంది. అంతే సంగతి. డ్రయ్యర్ మోటారు ఒకే దిక్కున తిరుగుతుంది కాబట్టి దాని రెండు కాయిల్స్ వేర్వేరుగా ఉంటాయి.

మూడు వైర్లనూ మిగతా కనెక్షన్ల నుంచి విడదీసి, జతలు జతలుగా ఓముల్లో కొలిచి కాగితం మీద రాయండి. ఉతికే మోటారు బాగుంటే రెండు రీడింగులు దాదాపు సమానంగా, మూడోది వాటి మొత్తంగా వస్తుంది. ఉదాహరణకి 30, 30, 60. ఏ రెండు వైర్ల మధ్య 60 వచ్చిందో అవి కొసలు, మిగిలింది కామన్. రంగులను నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. 30, 22, 52 అని వస్తే ఒక కాయిల్లో కొన్ని చుట్లు ఒకదానికొకటి కలిసిపోయాయి. అది తిరిగినా వేడెక్కుతుంది, ఎక్కువ కాలం ఉండదు. ఒక కాయిల్ అసలు చూపించకపోతే తెగింది.

తెగిందని చూపించినప్పుడు వెంటనే పారేయకండి. కొన్ని మోటార్లలో కాయిల్ మీద కట్టిన దారం కింద ఒక థర్మల్ ఫ్యూజు దాగి ఉంటుంది. మోటారు బాగా వేడెక్కితే అదే తెగిపోతుంది, కాయిల్స్ మాత్రం బాగుంటాయి. దాని మీద రాసున్న ఉష్ణోగ్రతే ఉన్న కొత్త ఫ్యూజు తెచ్చి, క్రింప్ చేసి (చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) బిగించాలి. సోల్డరింగ్ చేస్తే ఆ వేడికే అది తెగుతుంది. ఫ్యూజు తీసేసి వైరు నేరుగా కలిపే మెకానిక్కులు ఉన్నారు. బట్టలు వేసి బయటికెళ్లిన ఇంట్లో నిప్పు రేగకుండా ఆపే ఆఖరి అడ్డు అది, దాన్ని తీసేయనివ్వకండి.

మోటారు నిజంగానే పోయిందని తేలాక మీ పెద్దమ్మగారి మెషిన్ దగ్గరికి వెళ్దాం.

పాత సామాన్లలోంచి ఏది తీసుకోవాలి, ఏది వద్దు అన్నదానికి నా లెక్క తేలిక. ఇనుము, రాగి చెడకుండా ఉంటే ఎన్నేళ్లయినా పనికొస్తాయి. మోటారు, గేర్‌బాక్స్, పుల్లీలు, బ్రేకు స్ప్రింగు ఆ కోవలోవి. రబ్బరు, ప్లాస్టిక్ తొడుగులు, కెపాసిటర్ వాడకపోయినా పాడవుతాయి. బెల్టు, వైర్లు, నీళ్ల సీళ్లు, కరెంటు తీగ వీటిని అక్కడే వదిలేయండి. మెట్ల కింద పడున్న మెషిన్ వైర్లను ఎలుకలు కొరకకుండా వదిలాయంటే నేను నమ్మను. పైకి బాగానే కనిపిస్తాయి, కట్ట విప్పితే లోపల రాగి తళతళలాడుతుంది.

మోటారు విప్పేముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఏ వైరు ఎక్కడికి పోతోందో దగ్గరగా, ఒక్కో కనెక్షన్‌కీ ఒక ఫొటో. విప్పాక చేత్తో తిప్పి చూడండి. గరగరలాడకుండా తిరగాలి, షాఫ్టు పక్కలకు ఊగకూడదు. చాలాకాలం ఖాళీగా ఉన్నది కాస్త బిగుసుకుని ఉండొచ్చు. బుష్‌ల (షాఫ్టు తిరిగే చిన్న లోహపు గొట్టాల) దగ్గర రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసి కాసేపు తిప్పితే వదులవుతుంది. కొబ్బరినూనె వేయకండి. మనింట్లో తలకీ తలుపు బందులకీ అదే వాడతాం గానీ, అది లోపల జిడ్డుగట్టి మోటారును పట్టేస్తుంది.

తర్వాత మళ్లీ అవే మూడు రీడింగులు. మూడు అంకెలూ వేర్వేరుగా వస్తే మీరు విప్పింది డ్రయ్యర్ మోటారు కావచ్చు, లేదా ముందు చెప్పినట్టు చుట్లు కలిసిపోయిన ఉతికే మోటారు కావచ్చు. ఏదైనా ఉతకడానికి పనికిరాదు. రీడింగులు బాగుంటే ఇక బాడీకి లీకేజీ ఉందా అన్నది తేల్చుకోవాలి. మల్టీమీటర్ దీనికి చాలదు. అది కొలిచేది చిన్న బ్యాటరీ వోల్టేజీతో. తేమ పట్టిన ఇన్సులేషన్ అక్కడ బాగానే ఉన్నట్టు చూపించి 230 దగ్గర చేతులెత్తేస్తుంది. మీ ఊళ్లో మోటార్లు చుట్టే షాపుకి తీసుకెళ్లి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టమనండి, రెండు నిమిషాల పని. 500 వోల్టుల మీద కాయిల్‌కీ బాడీకీ మధ్య కనీసం 2 మెగా ఓములు రావాలి. తక్కువొస్తే రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టి మళ్లీ చూపించండి. వానాకాలమంతా మెట్ల కింద ఉన్న మోటారు తేమ తాగి ఉంటుంది, ఎండకు చాలావరకు కోలుకుంటుంది. కోలుకోకపోతే వదిలేయండి.

ఇక్కడ చాలామంది సీరీస్ బల్బు పెట్టి చూస్తారు. బోర్డు మీద వంద వాట్ల పాత బల్బు, దానికి వరుసలో మోటారు. మంచి అలవాటే, ఎక్కడైనా పూర్తిగా షార్ట్ ఉంటే ఫ్యూజు పేలకుండా బల్బు వెలుగుతుంది. బాడీకి లీకేజీ గట్టిగా ఉంటే అదీ తెలుస్తుంది. కానీ బల్బు డిమ్ముగా వెలిగితే మంచి మోటారు, బాగా వెలిగితే చెడ్డది అని చెప్పేవాళ్ల మాట ఇంత చిన్న మోటార్ల విషయంలో పట్టించుకోకండి. వెలుగుతున్న వంద వాట్ల బల్బు అడ్డు (రెసిస్టెన్స్) 500 ఓములు దాటి ఉంటుంది, మోటారుది అందులో చిన్న భాగం. మోటారు మంచిదైనా, కొన్ని చుట్లు కాలినదైనా బల్బు దాదాపు ఒకేలా వెలుగుతుంది. చుట్ల సంగతి తేల్చేది ఓముల మీటరే. ఇంకోమాట, ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. పాత ఫిలమెంట్ బల్బే కావాలి.

బల్ల మీద నడిపి చూడాలనుకుంటే మోటారును ఒక చెక్కకు గట్టిగా కట్టేయండి. స్టార్టయ్యేటప్పుడు ఎగిరిపడుతుంది. బాడీకి ఎర్త్ వైరు కలపండి. కామన్‌కి న్యూట్రల్, రెండు కొసల మధ్య కొత్త కెపాసిటర్, ఒక కొసకి ఫేజు. తిరగాలి. ప్లగ్గు పీకి, కెపాసిటర్ ఖాళీ చేసి, ఫేజును రెండో కొసకి మార్చండి. ఎదురు దిక్కున అంతే చురుగ్గా తిరగాలి. జాయింట్లన్నీ టేపు చుట్టాకే ప్లగ్గు పెట్టండి. ఈ పని ఎప్పుడూ చేయనివాళ్లు పక్కన ఒక ఎలక్ట్రీషియన్‌ని పెట్టుకుని చేయడమే మంచిది.

బిగించేటప్పుడు మోటారు అడుగు బోల్టుల రంధ్రాలు రెండు కంపెనీలవి కలవకపోవచ్చు. కొంచెం తేడా అయితే రేకు పట్టీ వేసి సర్దొచ్చు. కానీ పుల్లీ దగ్గర రాజీ పడకండి. మీ పాత మోటారు పుల్లీ తీసి దీనికి వేయడమే ఉత్తమం, షాఫ్టు మందం కలిస్తే. పెద్దమ్మగారి మెషిన్ మోటారు పుల్లీ కాస్త పెద్దదైనా చక్రం వేగం పెరిగి మోటారు మీద భారం పడుతుంది. రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉండాలి, లేకపోతే బెల్టు అంచులు అరిగి నల్లటి పొడి రాలుతుంది. బెల్టు కొత్తది తెచ్చుకోండి, నంబరు మీ పాత బెల్టు మీదే ఉంటుంది. మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు లోపలికి పోయేంత బిగువు చాలు. మరీ లాగితే బుష్‌లు తొందరగా పోతాయి.

అల్యూమినియం కాయిల్ మోటారైతే పారేయాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. బరువు తక్కువ, చుట్టించడం కష్టం, అంతే తేడా. రీడింగులూ మెగ్గరూ బాగుంటే నడిపించండి.

ఒక ముఖ్యమైన విషయం మధ్యలో పడిపోయింది. మీ మోటారు ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది బిగించకండి. గేర్‌బాక్స్ షాఫ్టు దగ్గర సీల్ అరిగితే సబ్బు నీళ్లు బొట్లు బొట్లుగా కింద ఉన్న మోటారు మీద పడుతుంటాయి. మోటారు పైభాగాన తెల్లటి చార, తుప్పు కనిపిస్తే కారణం అదే. టబ్బులో నీళ్లు నింపి, ప్లగ్గు లేకుండా, రాత్రంతా కింద కాగితం పరిచి వదిలేయండి. పొద్దున కాగితం తడిస్తే ముందు సీల్ మార్చండి. లేదంటే పెద్దమ్మగారి మోటారుకీ అదే గతి.

ఇక టైమర్. కెపాసిటర్, మోటారు రెండూ బాగున్నా చక్రం తిరగకపోతే, లేదా ఒకే దిక్కున తిరిగి ఆగిపోతుంటే అప్పుడే దాని జోలికి వెళ్లండి. అది గడియారంలా స్ప్రింగుతో నడుస్తుంది, లోపల పళ్లచక్రాలు రాగి రేకులను వంతులవారీగా కలుపుతూ విడదీస్తుంటాయి. పోయేది ఎక్కువగా ఆ రేకుల చివర్లే, మెరుపులకు నల్లబడి కాలిపోతాయి. పాత టైమర్ తీసుకునే ముందు పైమూత సందులోంచి టార్చి వేసి చూడండి. నల్లగా ఉంటే, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంటే వద్దు. వేరే కంపెనీదైతే వైర్లు రంగు చూసి కలపడానికి వీల్లేదు. నాబ్ తిప్పి, మీటర్ బీప్ మీద పెట్టి, ఏ వైరు ఎప్పుడు దేనితో కలుస్తోందో రాసుకోవాలి. లోపలికొచ్చే ఫేజు వైరు ఒకటి, దాంతో కాసేపు కలిసి విడిపోయే వైర్లు రెండు. ఈ మూడూ దొరికితే పని అయిపోయినట్టే, నాలుగోది బజర్‌దో నెమ్మది వాష్‌దో అయ్యుంటుంది. ఇంత తంటాలు ఎందుకనుకుంటే కొత్త టైమర్ కొనుక్కోవచ్చు, చవకే. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో, గురువారం జుమేరాత్ బజార్‌లో పాత సామాన్లు వెతుకుతారు. ఓపిక ఉంటే ఏదైనా దొరుకుతుంది గానీ, టైమర్‌ను నడిపి చూసుకోకుండా అక్కడ కొనకండి.

అంతా బిగించాక మొదటి రోజు సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించుకోండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. మీటర్ చూపించినంత మాత్రాన ఎర్త్ గట్టిదని కాదు, ఎర్త్ పిట్ (గొయ్యి) ఎండిపోయి ఉంటే ఎలక్ట్రీషియనే చెప్పాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి బట్టలు తీసేది మీ ఇంట్లో ఆడవాళ్లు. పాత మోటారు వేసిన మెషిన్‌కి ఆ ఖర్చు తప్పదు.

మొదట ఖాళీ టబ్బుతో, తర్వాత సగం నీళ్లతో, ఆ తర్వాత నాలుగు బట్టలతో ఒక్కో పదిహేను నిమిషాలు నడపండి. ప్రతిసారీ ప్లగ్గు పీకి మోటారు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉండడం మామూలే, రెండు మూడు సెకన్లు ఆనించగలిగితే పరవాలేదు. అసలు ఆనించలేకపోతే కెపాసిటర్ విలువ, బెల్టు బిగువు మళ్లీ చూడండి. ఒకే దిక్కున తిరిగి రెండో దిక్కు వచ్చేసరికి నిశ్శబ్దంగా ఉంటే టైమర్ నుంచి ఆ కొసకి వచ్చే వైరు అందలేదు. రెండు దిక్కులకూ మూలుగే అయితే కామన్, కొస తారుమారయ్యాయి, ఓముల కాగితం తీసి సరిచూసుకోండి.

పాత మెషిన్‌ని సామాన్లతనికి ఇచ్చేముందు దాని డ్రయ్యర్ మోటారు కూడా విప్పి, రీడింగులు రాసిన చీటీ కట్టి, పొడిగా ఉండే చోట దాచండి. మీ డ్రయ్యర్ మోటారుకీ ఎనిమిదేళ్లు నిండాయి.